టికెట్టుకు పెట్టిన పేరు

టికెట్టు పండరి చేతిలో ఉంది. పేరు భీమ్లి నోట్లో ఉంది. రెండూ ఒక్క మనిషి దగ్గరే ఉంటే డిటెక్టివ్ దేవిదాస్‌కు బాన్సువాడ రావలసిన పనే పడేది కాదు.

బొంబాయి గుర్రప్పందేల మీద లాటరీ నడిపే కంపెనీ ఒకటి అతన్ని పంపింది. ఆ కంపెనీ వాళ్ల నియమం చిత్రమైనది. టికెట్టు కొన్నవాడు అసలు పేరు చెప్పనక్కరలేదు. తనకు తోచిన గుర్తు పేరు ఒకటి చెబితే, అమ్మినవాడు దాన్ని కంపెనీకి పోయే సగం మీద రాసుకుంటాడు. కొన్నవాడి చేతికి వచ్చే సగం మీద అంకె, వెనక ఇంగ్లీషులో అచ్చేసిన నియమాలు తప్ప మరేమీ ఉండవు. బహుమతి కావాలంటే టికెట్టూ చూపించాలి, పేరూ చెప్పాలి. ఈ ఏడు మొదటి బహుమతి వచ్చిన టికెట్టు మాది అంటూ బాన్సువాడ నుంచే ఇద్దరు టెలిగ్రాములు కొట్టించారు. తేల్చడానికి రేపు సాయంత్రం వరకే గడువు. ఆ తరువాత ఎవరికీ ఏమీ రాదు.

దేవిదాస్ పుట్టింది కోటగిరిలో. హైదరాబాదు పోలీసుల ఖుఫియా, అంటే గూఢచారి, శాఖలో కొన్నేళ్లు పనిచేసి, మానేసి, సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకున్నాడు. ఈ పక్క మనుషులు మాటను ఎక్కడ మింగుతారో అతనికి తెలుసు. అందుకే పొద్దున్నే తాను బస చేసిన ముసాఫిర్‌ఖానా వరండాలో ముందుగా భీమ్లిని కూర్చోబెట్టాడు.

భీమ్లికి ముప్పై ఏళ్లుంటాయి. లంబాడీ తండా నుంచి చీకటితోనే నడిచి వచ్చింది. మోచేతుల దాకా తొడిగిన గాజులు చప్పుడు కాకుండా రెండు చేతులూ ఒళ్లో అదిమి పట్టుకుంది.

"పేరు చెప్పు," అన్నాడు దేవిదాస్.

ఆమె అటూ ఇటూ చూసి ముందుకు వంగింది. "చుక్కనీల."

కంపెనీ దగ్గరున్న సగం మీద సరిగ్గా ఆ పేరే ఉంది. దేవిదాస్ ముఖంలో మాత్రం ఏమీ కనపడలేదు.

"ఎవరది?"

"మా బర్రె, సారూ. మొఖం మీద తెల్ల చుక్క ఉంటది. దాని దూడనమ్మి నా మొగడు కొన్నడు గా కాయితం. నాకు ఒళ్లు మండి మావోనితోని మాట్లాడుడే బంద్ చేసిన. గట్లయితే నీ బర్రె పేరే పెట్టిన తియ్ అని నవ్విండు."

"టికెట్టు ఎక్కడ దాచిండు?"

"నేనే దాచిన. అద్దాలు, గవ్వలు కుట్టిన సంచిల లోపటి దిక్కు గుడ్డేసి కుట్టిన. సంచి నడుముకు కట్టుకొని పండరి పటేలు గానుగ కాడికి పోయిండు. పేపర్ల నంబరు పటేలు చదివి చెప్తనన్నడట. గంతే సారూ. పోయినోడు మల్ల రాలే. లాటరీ పటేలుకు తగిలిందని ఇని టెలిగ్రాం కొట్టిచ్చిన. అడిగితే పటేలేమో, లోక్యా బోధన్ దిక్కు పనికి పోయిండు, నాకు చెప్పే పోయిండు అంటడు." ఆమె గొంతు ఒక్కసారి గట్టిపడింది. "నాకు చెప్పకుండ పటేలుకు చెప్పి పోతడా?"

దేవిదాస్ లేచి టోపీ అందుకున్నాడు. "నా ఎంబడి రా. కానీ గానుగ కాడ నా పక్కకు రావద్దు. చెరుకు పిప్పి కుప్ప వెనక కూర్చో. నేను పిలిచేదాక నోరు తెరవద్దు."

*

పండరి గానుగ ఊరి బయట, చెరుకు తోటల మధ్యలో ఉంది. బెల్లం వండే కొట్టం ఒకటి, దాని ముందు రసం తీసే గానుగ, పక్కనే మోటబావి, పశువుల కోసం నిండుగా నీళ్లున్న తొట్టి. గానుగ చక్రం విరగడంతో నాలుగు రోజులుగా వంట ఆగిపోయింది. పెనం బోర్లించి ఉంది. పొయ్యిలో బూడిద అలాగే ఉంది.

నలభై ఏళ్ల పండరి చెవులకు బంగారు పోగులతో, తెల్లటి ధోవతితో పెళ్లికి తయారైనవాడిలా ఎదురొచ్చాడు. కొట్టంలో ఉన్న ఒక్క కుర్చీలో మాత్రం వేరే మనిషి కూర్చుని ఉన్నాడు. అతన్ని చూడగానే దేవిదాస్ అడుగు ఆగింది.

రూప్‌సింగ్. ఒకప్పుడు దేవిదాస్‌తో పాటే ఖుఫియాలో జమాదారు. ఒక దొంగతనం కేసులో సాక్షిని మాయం చేశాడని దేవిదాస్ ఇచ్చిన వాంగ్మూలం మీదనే ఉద్యోగం పోగొట్టుకున్నవాడు.

"సలామ్, దేవిదాసూ," అన్నాడు రూప్‌సింగ్ లేవకుండానే. "మునుపు సర్కారు నౌకరి, ఇప్పుడు కంపెనీ నౌకరి. నీకు యజమాని లేంది పొద్దు పోదు."

"నీకెవరు యజమాని?"

"నాకెవలు లేరు. పైసలు ఎట్ల తీసుకోవాల్నో తెల్వనోళ్లకు ఇప్పిస్త. గదే నా దందా. పటేలుకు లాటరీ తగిలింది. ఎట్ల అడగాలె, ఎవల కాడికి పోవాలె, నేను చూసుకుంటున్న. నువ్వు సంతకం పెట్టి పోతే ఖతం."

దేవిదాస్ పండరి వైపు తిరిగాడు. "టికెట్టు ఎప్పుడు కొన్నవు, పటేలా?"

"దసరకు ముంగట. నిజామాబాద్‌ల."

"అమ్మినోడు ఎట్లుంటడు?"

"బజార్ల అమ్ముతుండు. మొఖం యాదికి లేదు."

"కొన్న కాడికెల్లి ఎక్కడ పెట్టినవు?"

ఈ ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉన్నట్టుంది. పండరి చేయి వెంటనే పైకి లేచింది. "గా అటుక మీద, డబ్బల. నిన్న తీసి రూప్‌సింగ్‌కు సూపించేదాక అండ్లనే ఉన్నది."

దేవిదాస్ నిచ్చెన ఎక్కి ఆ డబ్బాను దింపాడు. మసి, దాని మీద బెల్లపు జిగురు. పట్టుకున్న వేళ్లు అతుక్కుపోయాయి. మూత తీస్తే విత్తనాల పొట్లం, రెండు పాత రసీదులు. అన్నీ పొగచూరి గోధుమ రంగుకు తిరిగాయి. అడుగున చీమలు బారులు తీరి ఉన్నాయి.

"టికెట్టు ఇయ్యి."

రూప్‌సింగ్ జేబులోంచి తీసి, ఒక కొస తన వేళ్ల మధ్యే ఉంచుకుని చూపించాడు. దేవిదాస్ లాక్కోలేదు. తల వంచి వాసన చూశాడు. పొగ లేదు, బెల్లం లేదు. మడత దగ్గర చెమట మరక, అంతే. తరువాత దాన్ని ఎండకు ఎత్తమన్నాడు. నాలుగు అంచుల వెంట సన్నటి చుక్కలు వరసగా వెలుగుతున్నాయి.

"ఈ బెజ్జాలేంది, పటేలా?"

పండరి పెదవి తడుపుకున్నాడు. జవాబు రూప్‌సింగ్ ఇచ్చాడు. "చీమలు. నువ్వే సూసినవు గద డబ్బల."

"ఇన్ని పనులొచ్చిన చీమలను నేనెక్కడ చూడలే. వరస తప్పకుండ, ఒక్కటే ఎడంతోని నాలుగు దిక్కులు కొరికినయా? పక్కనున్న పొట్లాన్ని మాత్రం ముట్టలేదా?" దేవిదాస్ వేలితో ఒక మూల చూపించాడు. అక్కడ బెజ్జంలో ఎర్ర దారపు పోగు చిక్కుకుని ఉంది. "చీమలు దారం కూడా తెచ్చుకున్నయి."

రూప్‌సింగ్ టికెట్టును మడిచి జేబులో పెట్టుకున్నాడు. నవ్వు మాత్రం చెరగలేదు.

దేవిదాస్ కొట్టమంతా ఒక చుట్టు తిరిగాడు. ఏదైనా రహస్యంగా నాశనం చెయ్యాలనుకున్నవాడికి ఇక్కడ చేతికందే చోటు ఒక్కటే. అతను పొయ్యి ముందు మోకాళ్ల మీద కూర్చుని, చెరుకు గడతో బూడిదను పై నుంచి పొరలు పొరలుగా తీయసాగాడు. వెనక పండరి చెప్పులు ఒకసారి కదిలి ఆగిపోయాయి.

గడకు ఏదో తగిలింది. గోరంత అద్దం ముక్క, వేడికి పగుళ్లిచ్చింది. దాని పక్కన ఇంకొకటి. ఆ కింద సున్నంలా తెల్లబడ్డ గవ్వలు, ఒక దాని వెన్నులో కుట్టు కోసం చేసిన రంధ్రం. గుడ్డ కాలిపోయింది గానీ గవ్వలకూ అద్దాలకూ ఆ అదృష్టం పట్టలేదు.

వాటిని రుమాల్లో పెట్టుకుని లేచాడు. "నీ ఇంట్ల ఎవరన్న గవ్వల సంచి కట్టుకుంటరా, పటేలా?"

"తండోళ్లు పనికొస్తరు," అన్నాడు రూప్‌సింగ్. "పారేసుకుంటరు. ఊడ్సి పొయ్యిల ఏస్తరు."

"లోక్యా సంచి అది. నంబరు అడగనీకి వచ్చిన దినమే పారేసుకున్నడా?"

"వచ్చిండని ఎవలు సూసిండ్రు? సంచి ఎవలదైతేంది? లంబాడది ఒకతె ఏడ్సుకుంట వచ్చి నాది అంటె నీ కంపెనీ ఇచ్చేస్తదా? టికెట్టు ఎవల చేతిల ఉంటే పైసలు వాళ్లయే. గింత కూడా తెల్వకుండనే వచ్చినవా?"

ఇద్దరూ మూరెడు దూరంలో నిలబడి ఉన్నారు. రూప్‌సింగ్ మనిషి పొడగరి. కావాలనే దేవిదాస్ మీదికి నీడ పడేలా నిలబడ్డాడు.

దేవిదాస్‌కు కావలసింది ఆ మాటే. "టికెట్టు ఒక్కటే చాలదు," అన్నాడు, కొట్టం బయటకు కూడా వినపడేంత గట్టిగా. "దాని వెనక ఇంగ్లీషుల సన్నగ రాసి ఉన్నది. చదివించుకోలేదా? కొన్నప్పుడు ఒక పేరు పెడ్తరు. ఆ పేరు చెప్పనోనికి పైస రాదు. చెప్పు, పటేలా. నీ టికెట్టుకు ఏం పేరు పెట్టినవు?"

రూప్‌సింగ్ నవ్వు ఇప్పుడు తగ్గింది. పండరి మొదట అతని వైపు చూసి, తరువాత దేవిదాస్ వైపు చూశాడు.

"లచ్చిమి."

"కాదు."

"విఠోబా... విఠోబా అనే పెట్టిన."

"కాదు."

"తుల్జాభవాని?"

"దేవుళ్లందరిని పిలుస్తవా? యాది చేసుకో. దీపాలు పెట్టే యాళ్ల దాక నేనీడనే కూర్చుంట. అప్పటికి చెప్తే నీది. లేకుంటే అది ఉత్త కాయితం."

రూప్‌సింగ్ గోడ మీది కొరడా అందుకున్నాడు. "గుర్రం దూపకున్నది. నీళ్లు తాపుకొని వస్త," అన్నాడు తేలిగ్గా.

నీళ్ల తొట్టి గుర్రానికి నాలుగడుగుల దూరంలో పొంగిపొర్లుతోంది. దాని పక్క నుంచే గుర్రాన్ని నడిపించుకుని పోయి, చెరుకు బాటలోకి మళ్లాక దౌడు తీయించాడు. ఆ చప్పుడు ఎంతోసేపు వినపడింది.

దేవిదాస్ కుర్చీ లాక్కుని పండరికి ఎదురుగా కూర్చున్నాడు. అతను వల వేసింది దీనికోసమే. లోక్యా చచ్చిపోయి ఉంటే రూప్‌సింగ్‌కు పరుగెత్తవలసిన అవసరం లేదు. ఆ పేరు తెలిసినవాడు ఎక్కడో ఊపిరితో ఉన్నాడు కాబట్టే గుర్రం కదిలింది. ఇంతవరకూ సంతోషమే. కానీ ఆ పేరును లోక్యా నోటి నుంచి ఎలా రాబడతారన్న ఆలోచన రాగానే ఆ సంతోషం నిలవలేదు. వెంట పడదామంటే గుర్రం లేదు. చెరుకు నిలువెత్తుకు పైన పెరిగి ఉంది. పైగా ఇక్కడి నుంచి కదిలితే పండరి కళ్ల ముందు ఉండడు.

"పటేలా," అన్నాడు గొంతు తగ్గించి. "లోక్యా ఎక్కడున్నడో ఇప్పుడు చెప్తే నువ్వు సాక్షివి. తర్వాత చెప్తే ముద్దాయివి."

పండరి చేతివేళ్లు ధోవతి కొసను చుడుతూ విప్పుతూ ఉన్నాయి. పెదవులు ఒకసారి విచ్చుకున్నాయి. అప్పుడే ఎక్కడో ఆకు గలగలమంటే ఉలిక్కిపడి బాట వైపు చూశాడు.

"బోధన్‌ల ఉన్నడు," అన్నాడు చివరికి. ఆ మాట అన్నప్పుడు దేవిదాస్ కళ్లలోకి చూడలేకపోయాడు.

*

పొద్దు వాలుతుండగా గుర్రం తిరిగి వచ్చింది. రూప్‌సింగ్ దిగి, బావి దగ్గర చేతులు కడుక్కున్నాడు. కుడిచేతి కణుపుల మీద తోలు లేచి ఉంది. నీళ్లు తాపుతానని తీసుకుపోయిన గుర్రం తొట్టిలోకి మూతి పెట్టి తల ఎత్తకుండా తాగుతోంది. దాని కాళ్లు మోకాళ్ల దాకా తెల్లగా పిండి చల్లినట్టున్నాయి.

"ఏం పటేలా, యాదికొచ్చిందా?" అంటూ రూప్‌సింగ్ బీడీ ఒకటి పండరికిచ్చి, అగ్గిపుల్ల గీసి, ముట్టించడానికి వంగాడు. ఆ వంగడం అవసరానికి మించి ఒక్క క్షణం సాగింది.

పండరి పొగ వదిలాడు. "యాదికొచ్చింది సారూ. చుక్కనీల."

పొద్దుటి నుంచి దేవిదాస్ ఈ క్షణం కోసమే కాచుకుని ఉన్నాడు. పండరి అతని కళ్ల ముందు నుంచి కదలలేదు. కొట్టంలోకి కొత్తవాళ్లెవరూ రాలేదు. పోయి వచ్చినవాడు ఒక్కడే. లోక్యా రూప్‌సింగ్ చేతిలో ఉన్నాడు, ఇక అనుమానం లేదు. ఆ వెంటనే రెండో ఆలోచన వచ్చింది. ఇప్పుడు వాళ్ల దగ్గర టికెట్టూ ఉంది, పేరూ ఉంది. ఆ పేరు సరైనదని తేలితే లోక్యాతో వాళ్లకు ఇంకేం పని?

"కాదు," అన్నాడు దేవిదాస్.

రూప్‌సింగ్ తల ఎత్తాడు. "మల్ల సూసుకో."

"చూసుకునేది లేదు. నాకు నోటికి వచ్చు. అది కాదు, దాని దరిదాపుల్ల కూడా లేదు. ఎవరో మీకు అబద్ధం చెప్పిండ్రు."

రూప్‌సింగ్ కళ్లు చికిలించి అతని ముఖాన్ని వెతుకుతున్నాడు. దేవిదాస్ రెప్ప వాల్చలేదు. ఆ నోటి అబద్ధం నిలిచినంతసేపూ లోక్యా ఊపిరి నిలుస్తుంది. రూప్‌సింగ్ నుదుటి మీద ముడి పడింది. నమ్ముతున్నాడు. సగం నమ్మాడు.

పిప్పి కుప్ప వెనక గాజులు గలగలమన్నాయి.

"చుక్కనీల!" భీమ్లి కుప్ప దాటి పరుగున వచ్చింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు. "గదే సారూ, గదే పేరు! మా బర్రె పేరు మావోనికి నాకు తప్ప ఎవలకెరుక? మావోడే చెప్పిండు! బతికే ఉన్నడు సారూ, మావోడు బతికే ఉన్నడు!"

దేవిదాస్ ఆమెను ఆపడానికి చేయి ఎత్తాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ ఎత్తిన చేయే రూప్‌సింగ్‌కు మిగిలిన సగం కూడా చెప్పేసింది.

"శాబాష్," అన్నాడు రూప్‌సింగ్ మెల్లగా. "జర సేపైతే నమ్ముతుంటి, దేవిదాసూ." జేబు మీద చేత్తో తట్టుకున్నాడు. "ఇగ నీ కంపెనీకి రెండు చూపిస్తం. ఏం కావాలె ఇంక?"

అతను గుర్రం వైపు నడిచాడు. దేవిదాస్ ఒక్క దూకులో కళ్లెం పట్టుకున్నాడు. కొరడా మెడ మీద చురుక్కున తగిలింది. రెండోసారి మణికట్టు మీద. గుర్రం ముందుకాళ్లు ఎత్తడంతో దేవిదాస్ వెల్లకిలా నేల మీద పడ్డాడు. లేచేసరికి రూప్‌సింగ్ బాట పట్టాడు.

భీమ్లికి ఇంకా అర్థం కాలేదు. "ఏమైంది సారూ? నేను నిజమే చెప్పిన గద?"

నువ్వు చెప్పిన నిజమే నీ మొగుడి మెడ మీద కత్తి అని ఆమెతో అనే మనసు అతనికి రాలేదు. "భీమ్లీ, జల్ది చెప్పు. గుర్రం కాళ్లకు సున్నం అంటుకున్నది. ఈ చుట్టుపక్కల సున్నం ఎక్కడుంటది?"

"సున్నమా?" ఆమె ఒక్క క్షణం ఆగింది. "కాలువ కట్టినప్పుడు కాల్చిన బట్టీ ఉన్నది. పెద్ద కాలువ కట్ట అవతల. మా అత్త అండ్ల రాళ్లు మోసింది. కాలువ అయినంక బంద్ పెట్టిండ్రు. ఇప్పుడు అటు దిక్కు మేకలు సుత పోవు."

"పటేలా! బండి కట్టు!"

పండరి కదలలేదు. బీడీ కింద పడిపోయినా చూసుకోలేదు. అతని కళ్లు చెరుకు తోటల మీదుగా, దూరాన గీతలా కనిపించే కాలువ కట్ట మీద నిలిచిపోయాయి. దేవిదాస్ అటు తిరిగాడు.

కట్ట అవతల పొగ. పొయ్యి పొగలా సన్నంగా లేదు. నల్లగా, దట్టంగా, మెలికలు తిరుగుతూ పైకి లేస్తోంది. ఏళ్ల తరబడి నిప్పు ముట్టని బట్టీ మీద నుంచి.

"పైసలు చేతికొచ్చినంక ఇడిచిపెడ్తమన్నరు," అన్నాడు పండరి. "దేవుని తోడు సారూ, గిట్ల అని నాకు చెప్పలే. గిట్ల అని చెప్పలే..."

భీమ్లి అప్పటికే పరుగెడుతోంది. చెరుకు ఆకులు ఆమె చేతుల్ని కోస్తున్నా ఆగడం లేదు. దేవిదాస్ ఆమె వెనక దూకుతూ బాట వైపు చూశాడు. వంపు దగ్గర రూప్‌సింగ్ గుర్రం ఇంకా కట్టకు ఇవతలే ఉంది. బట్టీ చేరడానికి అతనికి ఇంకా చాలా దూరం ఉంది.

మరి ఆ నిప్పు పెట్టింది ఎవరు?